పెదవులు పోతే పళ్లకు చలి

నాకు పళ్లు కట్టే పని నేర్పింది ఒక చీనా దేశస్థుడు. నా రిటైర్మెంటు సభలో ఈ మాట చెప్పబోతే, మా పెద్దాసుపత్రి దంత విభాగంలో కొత్తగా చేరిన కుర్రాడొకడు "ఆదోనిలో చీనావాడేంది తాతా, పొద్దున్నే ఏమన్నా పుచ్చుకొని వచ్చినావా?" అన్నాడు. అందరూ నవ్వారు. మెడలో దండ వేసుకొని కూర్చున్నవాడు తిట్టకూడదు కాబట్టి నేనూ నవ్వాను. ఇప్పుడు దండ లేదు, తీరిక మాత్రం బోలెడుంది. ఆ కుర్రాడూ, వాడితోపాటు నవ్విన మిగతా పిల్లలూ కాస్త నోళ్లు మూసుకొని వినండి. మన వృత్తిలో ఎదుటివాణ్ణి నోరు మూసుకోమనే అవకాశం ఎప్పుడో గానీ రాదు.

యాభైల నడుమ మాట. కొత్త రాష్ట్రం వచ్చి, బళ్లారి అటు పోయి ఆదోని ఇటు మిగిలి, ఏ కాగితానికి ఏ ఊరి ఆఫీసుకు పోవాలో ఎవరికీ తెలియని రోజులు. మాది ఎమ్మిగనూరు. మగ్గం ఇల్లు. మా నాయన, అన్నలు, వదినలు అందరూ నేతలోనే. నాకు తెగిన పోగు అతకడం వచ్చు గానీ కూర్చున్న చోట కుదురుగా కూర్చోవడం రాదు. "నీకు సెయ్యి ఉండాది గానీ పిర్ర ల్యాదురా" అని మా నాయన వచ్చిపోయే వాళ్లందరి ముందరా అనేవాడు.

ఒకసారి మా మేనమామకు దవడ వాచింది. ఆదోనిలో ఒక చీనా డాక్టరున్నాడు, నొప్పి తెలియకుండా పీకుతాడు అని ఎవరో చెబితే బస్సులో తీసుకుపోయాను. నొప్పి తెలియకపోవడం అంతా ఉత్తమాట. మా మామ పెట్టిన కేకకు వీధిలో బండెద్దులు బెదిరాయి. నేను మాత్రం ఆ కేక సరిగా వినలేదు. మూలన బల్ల మీద సగం చేసిన పళ్ల సెట్టు ఒకటుంది. ఎర్రటి మైనంలో నాటిన పళ్లు, వాటి మొదట్లో చిగుళ్లలాగా సన్నగా చెక్కిన అంచు. చేతిలోకి తీసుకొని తిప్పి చూస్తున్నాను. డాక్టరు మామ నోట్లోంచి తల ఎత్తకుండానే, "కింద పడేస్తే నీ పండ్లు పీకి దాంట్లో పెడతా" అన్నాడు. అది కూడా మా సీమ తెలుగులో. ఆ రోజు మామ ఒక్కడే ఊరికి తిరిగి వెళ్లాడు. నేను ఆ బల్ల దగ్గరే ఉండిపోయాను.

ఆయన పేరు పలకడం మాకెవరికీ చేతకాలేదు. ఊరంతా చీనా డాక్టరనే అనేది. యాభై దాటిన మనిషి, బక్కపలుచన, తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తన అన్నం తనే వండుకొనేవాడు. కలకత్తాలో పని నేర్చి, దిగిన ఊళ్లో కొన్నాళ్లు పళ్లు కట్టి మళ్లీ రైలెక్కుతూ చివరికి ఆదోనిలో ఆగిపోయాడు. ఇక్కడే ఎందుకు ఆగారని అడిగితే, "ఈడ అందురూ ఏంచిన శెనక్కాయలు తింటారు. అందురి పండ్లూ ఇరుగుతాయి" అనేవాడు. ఉర్దూ బజారులో నేర్చుకున్నాడు. తెలుగు మాత్రం పక్కగది ఆయన దగ్గర నేర్చుకున్నాడు.

ఆ పక్కగది సంగతి చెప్పాలి. మేముండేది సాహుకారు ఇంట్లో. సాహుకారు అంటే పత్తి, ధాన్యం వ్యాపారంలో పేరున్న ఆసామి. ఆ వీధిలో సగం ఇళ్లు ఆయనవే. మా ఇంటికి వీధివైపు రెండు గదులు. ఒకటి డాక్టరుది, రెండోది పరుపులు కుట్టే ఆయనది. రెండింటి మధ్యన వెడల్పాటి నడవ, రెండు గదుల తలుపులూ దాంట్లోకే. నడవ చివర వెనక వాకిలి, దాని అవతల సాహుకారు గోదాము. డాక్టరు ముందుగా వచ్చి చేరినవాడు కాబట్టి గదితోపాటు నడవ కూడా ఆయన బాడుగలోకే వచ్చింది. జరిగిన గొడవంతా ఈ నడవ గురించే.

పరుపులాయనను నేను అన్నా అని పిలిచేవాణ్ణి. తన గదిలో దూలానికి పెద్ద విల్లు వేలాడదీసి పత్తి ఏకేవాడు. గదంతా ఆ విల్లుకే సరిపోయేది. అందుకని పరుపు పరిచి కుట్టడం మా నడవలో చేసుకొనేవాడు. డాక్టరు వద్దనలేదు. వద్దనేదేమిటి, అసలు లాభం మాకే. మా దగ్గరికొచ్చే రైతులు ఆ సగం కుట్టిన పరుపు అంచున కూర్చొని తమ వంతు కోసం చూసేవాళ్లు. వాళ్లు గడప దాటి లోపలికి రావడమే అన్న వల్ల. చీనా డాక్టరు మీద పల్లెల్లో నానా రకాల మాటలు ఉండేవి. చచ్చినవాళ్ల పళ్లు ఉడకబెట్టి బతికున్నవాళ్లకు అతికిస్తాడని ఒకటి. ఉడకబెట్టడం నిజమే కదా మరి. సెట్టు గట్టిపడాలంటే అచ్చును నీళ్లలో మరిగించాలి, ఆ గిన్నె పొయ్యి మీద అందరికీ కనబడుతూనే ఉండేది. దానికి తోడు వీధిలో వేలాడే బోర్డు. ఇంత లావు ఎర్రటి పెదవులు, లోపల తెల్లటి పళ్లు. దాన్ని చూసి చంకలో పిల్లలు ఏడుపు లంకించుకొనేవాళ్లు.

ఆస్పరి వైపు నుంచి ఏ రైతో తలగుడ్డ దవడకు కట్టుకొని వచ్చి గడప దగ్గర తచ్చాడుతుంటే, అన్న సూది పక్కన పెట్టి లేచేవాడు. "రాప్పా, రా. మనిసే గానీ పులి గాదు. నీ పన్ను తీస్కొని ఆయప్ప ఏం జేసుకుంటాడు? ఆయప్పకు ఉండాయి గదా" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టేవాడు. రైతు తన నొప్పి చెప్పుకుంటే డాక్టరుకు సగమే అర్థమయ్యేది. మిగిలిన సగం అన్న నడవలోంచి విడమర్చి చెప్పేవాడు. సల్లనీళ్లకు లాగేది వేరు, నమిలితే పొడిచేది వేరు అని పరుపులు కుట్టే మనిషికి మా పని అంత బాగా పట్టుబడింది.

ఇక రాజుల సంగతి. చీనా భాషలో నాలుగక్షరాల పలుకుబళ్లు ఉంటాయట. ఒక్కోదాని వెనక ఎప్పటిదో పాతకాలపు రాజు, ఆ రాజు చేసిన ఘనకార్యమో తెలివితక్కువ పనో ఉంటుంది. ఆ దేశంలో నాలుగక్షరాలు అంటే చాలట, ఎదుటివాడికి కథంతా తోస్తుంది. మాకు తోచదు కాబట్టి డాక్టరు కథ మొత్తం చెప్పాల్సి వచ్చేది. నాకు పని నేర్పింది కూడా ఆ కథలతోనే.

ఒక రాజుకు సంగీతం పిచ్చి. వందలమంది ఒక్కసారే వాద్యం ఊదాలి, ఆయన వినాలి. ఊదడం చేతకానివాడొకడు ఆ గుంపులో చేరి, బుగ్గలు ఉబ్బిస్తూ, తల ఊపుతూ, ఏండ్లకేండ్లు జీతం తిన్నాడు. రాజు పోయి కొడుకు గద్దెనెక్కాడు. నాకు గుంపు వద్దు, ఒక్కొక్కరే వచ్చి ఊదండి అన్నాడు. మనవాడు పరారీ. ఇది దేనికి చెప్పేవాడంటే, దవడంతా నొప్పి అని వచ్చినవాడి నోట్లో ఏ పన్ను చెడిందో కనిపెట్టేటప్పుడు. అద్దం కాడతో ఒక్కో పన్నునూ విడిగా తట్టాలి. "ఒక్కొక్కరే ఊదండి" అంటూ తట్టేవాడు. దొంగ దొరకగానే కుర్చీలో మనిషి ఎగిరిపడేవాడు. నేను పెద్దాసుపత్రికి పోయాక కూడా చాలా ఏళ్లు ఆ మాట అంటూనే తట్టాను. అక్కడి డాక్టర్లు నాకు కాస్త తిక్క అనుకున్నారు.

ఇంకో రాజు యుద్ధంలో ఓడి, అవమానం మరిచిపోకూడదని కట్టెల మీద పడుకొనేవాడట. పైన చేదుకట్టు, అంటే జంతువు పిత్తపు తిత్తి, వేలాడదీసుకొని అన్నానికి ముందు దాన్ని నాకేవాడట. పుచ్చిన పంట్లో పెట్టే మందు చేదని మొహం చిట్లించేవాళ్లకు ఈ కథ. అన్నకు మాత్రం ఆ రాజంటే అస్సలు గిట్టదు. "పరుపు ఇడిసిపెట్టి కట్టెల మీద పండుకొనే రాజులుంటే మా బతుకు ఏం గావల్ల డాక్టరప్పా? యింగో రాజును సెప్పు" అని నడవలోంచి అరిచేవాడు.

అన్నింటికన్నా ఎక్కువగా చెప్పిన కథ ఒకటుంది. చున్ వాంగ్ ఛీ హాన్. పెదవులు పోతే పళ్లకు చలి. పళ్ల డాక్టరు కాబట్టి ఆ మాట మీద ఆయనకు హక్కున్నట్టే మాట్లాడేవాడు. ఒక పెద్ద రాజ్యం, దాని పక్కన రెండు బుల్లి రాజ్యాలు. పెద్దరాజుకు అవతలి రాజ్యం కావాలి. పోయే దారి ఇవతలి రాజ్యంలోంచి ఉంది. ఒక్కసారి మీ దారిన పోనివ్వండి అని ఇవతలి రాజుకు ఒక మేలైన పచ్చరాయి, జాతిగుర్రాలు పంపించాడు. ఈయనకు కళ్లు చెదిరాయి. ముసలి మంత్రి కాళ్లావేళ్లా పడ్డాడు. ప్రభూ, ఆ రాజ్యం పెదవి, మనం పళ్లం, పెదవులు పోతే పళ్లకు చలి అన్నాడు. రాజు ఏమన్నాడంటే, పెద్దరాజు మా వంశం వాడే, నాకెందుకు కీడు చేస్తాడు అని. మంత్రి ఇంటిల్లిపాదినీ తీసుకొని ఊరు విడిచాడు. పెద్దరాజు సైన్యం ఆ దారినే పోయి అవతలి రాజ్యాన్ని మింగి, వచ్చేటప్పుడు దారి ఇచ్చిన రాజ్యాన్ని కూడా మింగింది. డాక్టరు మంత్రి మాటలు చెప్పేటప్పుడు గొంతు మార్చి, లేచి నిలబడి చేతులు కట్టుకొనేవాడు. బాగా చెప్పేవాడు. చెప్పి, అన్న వైపు వేలు చూపి, "నువ్వు పెదవి. నేను పండ్లు" అనేవాడు. "పెదవే మేలప్పా, పుచ్చదు" అనేవాడు అన్న.

సాహుకారు సంగతికి వద్దాం. ఆయన నోట్లో ఒక్క పన్నూ లేని రోజుల్లో డాక్టరు పైకీ కిందికీ పూర్తి సెట్టు కట్టాడు. సాహుకారు ఆ సెట్టుతో అందరి ముందర ఏంచిన శెనక్కాయలు నమిలి చూపించాడు. ఆ దెబ్బతో ఆదోని పెద్దిళ్ల వాళ్లందరూ మా దగ్గరికి వచ్చారు. డాక్టరుకు సాహుకారంటే గురి. ఆయన కనబడితే మొహం కన్నా ముందు పళ్ల వైపు చూసి సంతోషించేవాడు.

ఒక ఏడు సుగ్గి ముందర, అంటే పత్తి ఇళ్లకు చేరే కాలానికి కాస్త ముందు, సాహుకారు స్వయంగా మా కొట్టుకు వచ్చాడు. వెనక ఎద్దులబండి. బండిలో గోనెపట్టా కప్పిన వస్తువేదో ఉంది. పట్టా తీశారు. కుర్చీ! పళ్ల డాక్టర్ల కుర్చీ. ఇనుప పాదం, ఎర్రతోలు, తల ఆనించుకోవడానికి దిండు, కాలితో తొక్కితే మనిషిని పైకి లేపుతుంది. మద్రాసులో ఏదో దొరల ఆసుపత్రి మూసేస్తే వేలంలో కొన్నాడట. మేము అంతవరకూ మంగలి దగ్గర కొన్న కొయ్య కుర్చీతో నెట్టుకొస్తున్నాం. దానికి ఒక కాలు పొట్టి. డాక్టరు కొత్త కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగాడు. తోలు మీద చెయ్యేశాడు. కూర్చున్నాడు. నన్ను తొక్కమన్నాడు. తొక్కాను. పైకి లేచి, సాహుకారు కన్నా ఎత్తున కూర్చొని, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"నీకే డాక్టరప్పా. నా నోరు బాగు చేసినావు గదా" అన్నాడు సాహుకారు. కాసేపు వాతావరణం, ధరలు మాట్లాడాడు. తరవాత, "సుగ్గి అయిపొయ్యేంతవరకూ నడవ నాకి వదలల్ల. వెనక సందులోకి లారీ రాల్యా. పత్తి బేళ్లు ఈ నడవలోనించి రోడ్డుకు తోలిస్తాను. నీ బాడుగలో ఉండాది గాబట్టి నిన్ను అడగల్ల గదా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. డాక్టరు ఇంకా కుర్చీ పైనే ఉన్నాడు.

పక్క గదిలో విల్లు చప్పుడు ఆగిపోయింది.

సాహుకారు వెళ్లాక అన్న వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒళ్లంతా దూది. కుర్చీ వైపు చూడలేదు. "డాక్టరప్పా, నడవ పోతే నేను పరుపు యాడ పరసల్ల? నా రూములో విల్లు ఆడితే మనిసి నిలబడేకి సోటు ల్యా. పండ్లు కట్టేకి ఇంత బల్ల సాలు నీకు. నాకి నడవే అంగడి. ఒక్క తూరి కుదరదని సెప్పు. నడవ నీది. నువ్వు సెప్తే సావుకారి ఏమీ అనడు. నేను సెప్తే రేపే బయటికి పొమ్మంటాడు" అన్నాడు.

"ఆలోచిస్తా" అన్నాడు డాక్టరు.

ఆయన ఆలోచించడం నేను చూస్తూనే ఉన్నాను. కుర్చీ ఎక్కడ వేస్తే వెలుతురు బాగా పడుతుందని ఆలోచిస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఏం సార్, పెదవులు పోతే పళ్లకు చలి అని రోజూ చెప్పేది మీరే గదా?" అన్నాను. నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. "అది రాజ్యాల కత. ఇది నడవ" అన్నాడు. కుర్చీ దిండు సర్దుతూ, "సావుకారి నా పండ్లతో అన్నం తింటాడు. నా పండ్లు నన్నే కరుస్తాయా?" అన్నాడు.

చెప్పొద్దూ, ఆ మాట నాకూ నిజమే అనిపించింది. మనం చేసిన సెట్టు ఒకడి నోట్లో ఉంటే వాడు మనవాడే అనిపిస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. పేరు మరిచిపోతాం గానీ ఎవరి కోరపన్ను మీద ఎంత గీశామో మరిచిపోం. పెళ్లిళ్లలో మన సెట్టు ఎదురైతే, ఆ మనిషి తినడం అయ్యేదాకా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాదు. వంశం, చుట్టరికం అంటారే, మాకు అది అలా ఉంటుంది.

డాక్టరు సరేనన్నాక, బేళ్లు రావడం మొదలైన పొద్దున అన్న నడవలో ఒక పెండ్లి పరుపు కుడుతున్నాడు. ఇంకో వరస కుట్టు మిగిలింది. కాస్త ఆగండప్పా అంటూనే ఉన్నాడు. హమాలీలు ఆగేవాళ్లే, వెనక గోదాములోంచి గుమాస్తా తొందర చేశాడు. మొదటి బేలు దొర్లించుకొని వచ్చేటప్పుడు ఇనుప కొక్కెం పరుపుకు తగిలి ఈ చివర నుంచి ఆ చివరకు చీలింది. దూది నడవంతా ఎగిరింది. హమాలీలే బిత్తరపోయి నిలబడ్డారు. అన్న ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాను. వంగి దూది ఏరుకొని గోనెలో కుక్కుకున్నాడు. మధ్యాహ్నానికల్లా విల్లు దించాడు.

డాక్టరు పళ్లు రాకే పని ఆపి బయటికి వచ్చాడు. "సుగ్గి అయినాక మళ్లా రా" అన్నాడు.

"ఎమ్మిగనూరులో మా బామ్మర్ది ఉండాడు. ఆడికి పోతాండా" అన్నాడు అన్న. అంతే. విల్లు బండికి ఎక్కించేటప్పుడు డాక్టరు రెండో చివర పట్టుకున్నాడు. అన్న పట్టుకోనిచ్చాడు.

ఆ తరవాత జరిగింది మేం ఇద్దరం ఊహించలేదు. అన్న గదిలో సాహుకారు తెల్లగుడ్డ పరిపించి తన గద్దె పెట్టించుకున్నాడు. బేళ్లు కళ్లముందే పోతాయి, లెక్క తప్పదు అని. ఇప్పుడు మా దగ్గరికి రావాలంటే ఎవడైనా సరే ఆయన ముందు నుంచి నడవాలి. పెద్దిళ్ల వాళ్లు సెట్లు కట్టించుకొని వెళ్లిపోయారు, ఇక మాకు వచ్చేదెవరు? జొన్న, పత్తి పండించే చిన్న రైతులు. వాళ్లందరూ ఏదో ఒక రోజు ఇదే సాహుకారు ముందర చేతులు కట్టుకొని, ఇంట్లో గింజ లేదు సామీ అని విత్తనాలు అడిగేవాళ్లే. గింజ లేదన్న నోటికి పళ్లు కట్టించుకోవడానికి ఆయన ముందు నుంచే ఎలా వస్తారు?

ఒక రైతు బుగ్గ ఉబ్బి, కన్ను మూసుకుపోయి గడప దాకా వచ్చాడు. నేను రమ్మని చెయ్యి ఊపాను. లోపల సాహుకారు కనబడ్డాడు.

"ఏమప్పా, యాడికి?" అన్నాడు సాహుకారు మామూలుగానే.

"ఏం ల్యా సామీ. ఊరికెనే. ఇట్ల పోతాంటి" అని ఆ రైతు వెనక్కి తిరిగాడు. ఆ వాపుతో ఆస్పరికి తిరిగి పోయాడు పాపం. సాహుకారు వద్దనలేదు, కసరలేదు. ఆయన అక్కడ కూర్చొని ఉన్నాడు, అంతే. దానికి ఏ కోర్టులో కేసు వేస్తాం?

తయారైన సెట్లు బీరువాలో ఉండిపోయాయి. ఒక నోటికి చేసినవి ఇంకో నోటికి పనికిరావు. డాక్టరు వాటిని నాకిచ్చి ఊళ్లకు పంపాడు. ఒక పెద్దాయన తలుపు మూసి, దీపం వెలిగించుకొని సెట్టు పెట్టుకున్నాడు. బిడ్డకు చూపించి నవ్వాడు. వెంటనే తీసి గుడ్డలో చుట్టి, "సావుకారికి సెప్పొద్దప్పా, నీకు పున్నెముంటాది" అన్నాడు. తిరిగివచ్చి చెబితే డాక్టరు పెద్ద కుర్చీలో కూర్చొని వీధి వైపు చూస్తూ, "ఆ పరుపుల భాయ్ ఉంటే చెయ్యి పట్టి లోపలికి తెచ్చేవాడు" అన్నాడు.

సుగ్గి అయిపోయింది. పత్తి తరవాత శెనక్కాయ వచ్చింది. శెనక్కాయ తరవాత ధాన్యం. నడవ మళ్లీ మాది కాలేదు, మేం అడగనూ లేదు. ఎండలు ముదిరాక ఒక రోజు సాహుకారు లోపలికి వచ్చాడు. కొడుక్కి ఆఫీసు గది కావాలన్నాడు. నిన్ను పొమ్మనేది గాదు డాక్టరప్పా, నీకి కూడా ఈడ బేరం ల్యా గదా, ఇంగో తావు సూసుకుంటే నీకే మంచిది అన్నాడు. అదీ నిజమే. అబద్ధం ఎక్కడా ఆడలేదు ఆయన. వెళ్లబోతూ కుర్చీ ముందు ఆగాడు.

"ఇది మాత్రం ఇంటికి పంపిస్తావా? కొత్త తావులో నీకు ఇరుకైతాది. మాకు క్షవరానికి పనికొస్తాది" అన్నాడు. తోలు మీద చెయ్యి రాసి చూశాడు. "కుర్చీ అట్లే ఉండాది. తోలే రవ్వంత అరిగింది" అని వెళ్లిపోయాడు.

డాక్టరు నవ్వడం మొదలుపెట్టాడు. అద్దాలు తీసి కళ్లు తుడుచుకొని మళ్లీ నవ్వాడు. నాకు భయమేసింది. ఏమైంది సార్ అంటే అప్పుడు చెప్పాడు, ఆ రాజుల కథకు ఇంకొంచెం చివర ఉందట. ఇన్నేళ్లూ చెప్పలేదు. పెద్దరాజు సైన్యం దారి ఇచ్చిన రాజ్యాన్ని మింగాక, తమ పచ్చరాయినీ గుర్రాలనూ తిరిగి తోలుకొచ్చి రాజు ముందు పెట్టిందట. పెద్దరాజు రాయిని చూసి, గుర్రం నోరు తెరిచి చూసి, "రాయి అట్లే ఉంది. గుర్రానికి పళ్లే రవ్వంత పొడుగైనాయి" అని వేళాకోళం చేశాడట, గుర్రానికి వయసు పెరిగే కొద్దీ పళ్లు పొడుగవుతాయి కాబట్టి.

"ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదే?" అన్నాను.

"ఇది సిన్న ముక్క. అవసరం లేదు అనుకొంటి" అన్నాడు.

ఆదోనిలో ఇంకెవరూ గది ఇవ్వలేదు. సాహుకారు ఖాళీ చేయించిన మనిషికి గది ఇచ్చి ఆయనతో మొహం చెడగొట్టుకోవడం ఎందుకని అందరూ తప్పించుకున్నారు. బోర్డు, పెట్టె, పొయ్యి, కొయ్య కుర్చీ బస్సు మీదికి ఎక్కించి ఎమ్మిగనూరుకు పోయాం. మా నాయన మగ్గం పక్కన ఒక మూల చూపించాడు, "నీ డాక్టరప్ప గూడా నీ మాదిరే, ఒక తావున కూర్చునే రకం గాదు" అంటూ. ఆ మూల పళ్లు ఉడకబెట్టడానికి కుదరదు, అద్దకం గిన్నెలున్నాయి. గది కోసం వీధివీధీ తిరిగాం. ఒక్క వీధిలోకి మాత్రం డాక్టరు రానన్నాడు. అది అన్న ఉండే వీధి.

రానన్నా కుదరలేదు. అన్నే కబురు పెట్టాడు. పిలిచిన పిల్లవాడి వెంట పోతే, అరుగు నిండా పరుపు పరిచి, పక్కన దూది మూట మీద అన్న కూర్చొని ఉన్నాడు. ఎడమ బుగ్గ బూరెలాగా ఉబ్బి ఉంది. రెండు మూడు వారాల నుంచి అలాగే ఉందట. డాక్టరు అరుగు కింద నిలబడిపోయాడు.

"కోపం పోలేదా?" అన్నాడు. ఇంతకన్నా మంచి మాట ఆయనకు దొరకలేదు.

"కోపం ఉండాది. నొప్పి దానికంటే ఎక్కువుండాది. సూడు" అని అన్న నోరు తెరిచాడు.

కొయ్య కుర్చీ మా ఇంట్లో ఉండిపోయింది. ఆ దూది మూట మీదే కూర్చోబెట్టి, నేను తల పట్టుకుంటే డాక్టరు పీకాడు. అన్న మా మామలాగా కేక పెట్టలేదు. పన్ను వచ్చేసింది. రక్తం ఆగడానికి దూది కావాలంటే, అన్న తన మూటలోంచే ఇంత తీసి ఇచ్చాడు. కొత్తగా ఏకిన దూది. డాక్టరు దాన్ని ఉండ చేసి గుంటలో పెట్టి, గట్టిగా కరిచి పట్టుకోమని చెప్పి, పట్టకారు కడుక్కోవడానికి చెంబు దగ్గర కూర్చున్నాడు. కడుగుతూ, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"ఇరవై ఏండ్ల నుంచి ఆ కత సెప్తాండా. సెప్పినప్పుడంతా నేనే మంత్రి అనుకొంటి."

అన్న నోట్లో దూది ఉంది. మాట్లాడకూడదు. అయినా ఆ మనిషి ఊరుకునే రకం కాదు. దూది ఒక పక్కకు నెట్టి, "రాజు నువ్వేనని ముందే తెలిసింటే? కుర్చీ వద్దందువా?" అన్నాడు.

డాక్టరు పట్టకారు తుడిచాడు. గుడ్డలో చుట్టాడు. పెట్టెలో పెట్టి మూత వేశాడు. వద్దందును అని చెప్పెయ్యి మహానుభావా, నీ సొమ్మేం పోతుంది, రెండు మాటలే కదా అని నాలో నేను మొత్తుకుంటున్నాను. మాకు గది లేదు, బేరం లేదు, ఈ ఊళ్లో మా కోసం గడప దగ్గరికి లేచి పోయి ఒక మనిషిని చెయ్యి పట్టి లోపలికి తెచ్చేవాడు ఇతనొక్కడే ఉన్నాడు.

"లేదు" అన్నాడు డాక్టరు. "తీసుకొందును. శానా మంచి కుర్చీ అది."

అన్న లేచాడు. రక్తం ఉమ్మి వచ్చాడు. అరుగు మీద పరిచిన పరుపును సగానికి మడిచి, ఖాళీ అయిన సగం అరుగు మీద దూది దులిపి, "పెట్టె ఈడ పెట్టు" అన్నాడు.